బెంగళూరు కార్ఖానాల్లో పనివాళ్లకు శిక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

పీణ్య, బొమ్మసంద్ర, జిగణి, దాబస్‌పేట వైపు మెషిన్ షాపులు, అసెంబ్లీ యూనిట్లు నడిపేవాళ్లు, వాటిలో హెచ్ఆర్, సూపర్‌వైజర్ పనులు చూసే తెలుగువాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. యాభై మంది నుంచి మూడు వందల మంది దాకా పనిచేసే యూనిట్లను దృష్టిలో పెట్టుకుని రాశాం.

మా దగ్గర రిజెక్షన్ (తనిఖీలో పనికిరావని తీసేసే పీసులు) ఎక్కువగా ఉంది. ట్రైనింగ్ పెట్టిస్తే తగ్గుతుందా?

తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు. గత మూడు నెలల రిజెక్షన్ రిజిస్టరు, బ్రేక్‌డౌన్ లాగ్, కస్టమర్ తిప్పి పంపిన లాట్ల కాగితాలు ముందు ఒకచోట చేర్చండి. ఒక్కో తప్పును తీసుకుని, అది చేసిన మనిషి పక్కన నిలబడి "ఒక్క పీసు సరిగ్గా చేసి చూపించండి" అని అడగండి. చేసి చూపిస్తే ఆ మనిషికి పని వచ్చినట్టే. కారణం ఇంకెక్కడో ఉంది.

డ్రిల్ జిగ్‌లో (పీసును పట్టుకుని డ్రిల్‌కు దారి చూపే సాధనంలో) బుష్ అరిగి రంధ్రం పక్కకు జరుగుతుంటే ఆపరేటర్‌ను రెండు రోజులు క్లాసులో కూర్చోబెట్టి ప్రయోజనం లేదు, బుష్ మార్చాలి. రెండు మెషిన్లకు ఒకే గేజ్ ఉంటే కొలవకుండానే పీసులు ముందుకు పోతాయి. రాత్రి షిఫ్టులో తనిఖీ బల్ల మీద వెలుతురు చాలకపోతే గీతలు కనబడవు. ఒకే తప్పు ముగ్గురు ఆపరేటర్లూ చేస్తుంటే మెషిన్‌నో పద్ధతినో అనుమానించండి. కొత్తగా వచ్చిన ఒక్కరే చేస్తుంటే నేర్పడంలో లోపం వెతకండి.

ఇలా చూసుకుంటూ పోతే తప్పులు మూడు కుప్పలవుతాయి: పని రాక జరిగినవి, సాధనం బాగాలేక జరిగినవి, తొందరలో వదిలేసినవి. శిక్షణకు వెళ్లాల్సింది మొదటి కుప్ప ఒక్కటే. మూడో కుప్ప యజమాని బల్ల మీదికి వెళ్లాలి, ఎందుకంటే ఆ తొందర పైనుంచి వస్తుంది.

స్కిల్ మ్యాట్రిక్స్ (ఎవరికి ఏ పని ఎంతవరకు వచ్చో చూపే పట్టిక) ఆడిట్ కోసమేనా, నిజంగా పనికొస్తుందా?

సరిగ్గా నింపితే దానికి మించిన పనిముట్టు లేదు. అడ్డ వరుసల్లో మనుషుల పేర్లు, నిలువు వరుసల్లో ఆపరేషన్లు రాయండి. గడుల్లో సున్నా నుంచి నాలుగు దాకా అంకెలు వేయండి:

0 – పని రాదు.
1 – పక్కన ఒకరుంటే చేస్తారు.
2 – ఒంటరిగా చేస్తారు, సెట్టింగ్ మాత్రం వేరేవాళ్లు చేసివ్వాలి.
3 – సెట్టింగ్‌తో సహా నిర్ణీత సమయంలో, నాణ్యతతో చేస్తారు.
4 – ఇంకొకరికి నేర్పగలరు.

అంకె వేసేవాళ్లు మెషిన్ దగ్గర నిలబడి ఆ పని చూసి ఉండాలి. సీనియారిటీని బట్టి వేసిన అంకెలు, ఆడిట్ ముందు రోజు రాత్రి ఆఫీసులో కూర్చుని వేసిన అంకెలు పనికిరావు. పదేళ్ల సర్వీసు ఉన్నవాళ్లందరికీ 4 పడిందంటే ఆ షీటును ఎవరూ చూడకుండా నింపారన్నమాట.

నిండాక చాలామంది అడ్డంగా చదివి ఎవరికి ఎన్ని పనులు వచ్చో లెక్కపెడతారు. మీరు నిలువుగా చదవండి. ఏ ఆపరేషన్ కింద 3, 4 అంకెలున్నవాళ్లు ఒక్కరే ఉన్నారో ఆ ఒక్కరు జ్వరం వచ్చి పడుకుంటే లైన్ ఆగుతుంది. ఒక్కో ఆపరేషన్‌కు షిఫ్టుకు కనీసం ఇద్దరు ఉండేలా చూసుకోండి. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా ఉన్న యూనిట్లలో సంక్రాంతికి, ఉగాదికి సగం లైన్ ఊరికి వెళ్తుంది. వెళ్లేవాళ్ల పేర్లను నవంబరులోనే మ్యాట్రిక్స్‌లో పెన్సిల్‌తో కొట్టేసి చూడండి. ఖాళీగా మిగిలిన నిలువు వరుసలే మీ నవంబరు, డిసెంబరు నెలల శిక్షణ ప్రణాళిక. జనవరి 10న తెలుసుకుంటే చేయగలిగింది ఏమీ ఉండదు.

ఒక పనిని నేర్పే సరైన పద్ధతి ఏది? మావాళ్లు "చూసి నేర్చుకో" అంటారు.

చూసి నేర్చుకునేవాళ్లు పనితోపాటు చూపించినవాళ్ల దురలవాట్లూ నేర్చుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో, అమెరికాలో ‘ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ’ అనే కార్యక్రమం మొదలైంది. కార్ఖానా పని తెలియని లక్షల మందికి త్వరగా పని నేర్పాల్సి వచ్చి అందులో నాలుగు మెట్ల పద్ధతిని తయారుచేశారు: నేర్చుకునేవాళ్లను సిద్ధం చేయడం, చేసి చూపించడం, చేయించి చూడటం, తర్వాత కనిపెట్టుకుని ఉండటం. ఇప్పటికీ షాప్ ఫ్లోర్ మీద ఇంతకన్నా నమ్మకమైనది లేదనే మా అభిప్రాయం.

మొదలుపెట్టే ముందు పనిని ఒక కాగితం (పని విభజన కాగితం) మీద మూడు నిలువు వరుసలుగా విడగొట్టాలి: ఏం చేయాలి, ఎలా చేస్తే కుదురుతుంది, ఎందుకు అలాగే చేయాలి. మైక్రోమీటర్‌తో షాఫ్ట్ వ్యాసం కొలవడాన్ని తీసుకుందాం.

• కొలిచే రెండు ముఖాలు తుడవాలి. మెత్తని పొడిబట్టతో తుడవాలి. చిన్న చిప్ ఇరుక్కున్నా కొలత పెరుగుతుంది.
• సున్నా సరిచూడాలి. 0–25 మి.మీ. దైతే ముఖాలు కలిపి, 25–50 మి.మీ. దైతే సెట్టింగ్ రాడ్ పెట్టి చూడాలి. సున్నా తప్పితే ఆ షిఫ్టులో తీసే ప్రతి కొలతా అంతే తప్పుతుంది.
• ర్యాచెట్ (చివర టిక్కుమనే చిన్న పిడి) తిప్పి బిగించాలి. రెండు మూడు సార్లు టిక్కుమనేదాకా చాలు. థింబుల్ (గీతలున్న తిరిగే గొట్టం) పట్టుకుని బిగిస్తే ఒక్కో చేతి బలానికి ఒక్కో కొలత వస్తుంది.
• చదవాలి. స్లీవ్ (తిరగని లోపలి గొట్టం) మీద 7.5 కనబడి, థింబుల్ మీద 22వ గీత కలిస్తే 7.72 మి.మీ. సగం మిల్లీమీటరు గీతను వదిలేయడం కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు. అప్పుడు 7.22 అని రాస్తారు.
• పీసు చల్లారాక కొలవాలి. 50 మి.మీ. ఉక్కు షాఫ్ట్ 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే సుమారు 0.01 మి.మీ. లావుగా చూపిస్తుంది. ఆపరేటర్ దానికి తగ్గట్టు మెషిన్‌కు ఆఫ్‌సెట్ (సవరణ విలువ) ఇస్తే, చల్లారిన పీసు అంత సన్నబడుతుంది.

ఇప్పుడు చూపించడం. మొదటిసారి మెట్లు మాత్రమే చెబుతూ చేయండి. రెండోసారి ఎలా అన్నది కలపండి. మూడోసారి ఎందుకు అన్నది కూడా చెప్పండి. మూడూ ఒకేసారి కుమ్మరిస్తే ఏదీ నిలవదు. తర్వాత వాళ్ల చేత చేయించండి. మొదట మాట్లాడకుండా చేయనివ్వండి, తప్పు చేయబోతుంటే అక్కడికక్కడే ఆపండి. తర్వాత మెట్లు, ఎలా, ఎందుకు అన్న వరుసలో వాళ్లే చెబుతూ చేయాలి. "ఎందుకు" దగ్గర నోరు ఆగితే పని ఇంకా రాలేదని లెక్క.

నాలుగో మెట్టునే అందరూ ఎగ్గొడతారు. మొదటి రోజు గంటకోసారి, ఆ వారమంతా పూటకోసారి, నెల దాకా వారానికోసారి వెళ్లి చూడాలి. సందేహం వస్తే ఎవరిని అడగాలో ఒక మనిషి పేరు చెప్పి ఉంచాలి. "ఎవరినైనా అడుగు" అని చెప్పి పంపితే కొత్తవాళ్లు ఎవరినీ అడగరు.

ఆపరేటర్లు తెలుగు, సూపర్‌వైజర్ కన్నడ, డ్రాయింగ్ ఇంగ్లిషు. ఏ భాషలో నేర్పాలి?

నేర్చుకునేవాళ్లు ఏ భాషలో లెక్క పెట్టుకుంటారో ఆ భాషలో. సరిహద్దు జిల్లాలవాళ్లకు రెండు భాషలూ వస్తాయి కదా అని నిశ్చింతగా ఉండకండి. బిగి, సడలు లాంటి మాటలు రెండు భాషల్లో దగ్గరగా ఉండటం వల్లే అంతా అర్థమైందన్న భ్రమ కలుగుతుంది. కన్నడంలో ‘సాకు’ అంటే చాలు అని. మనకు సాకు అంటే వంక. అంకెల్లో ప్రమాదం ఇంకా ఎక్కువ: ఎంటు అంటే ఎనిమిది, హత్తు అంటే పది. మెషిన్ చప్పుడులో నోటితో చెప్పిన అంకె ఎటైనా పోవచ్చు. అందుకని కొలతలు, టార్క్ విలువలు, ఆఫ్‌సెట్‌లు నోటితో చెప్పవద్దు. పలక మీదో కార్డు మీదో రాసి చూపించాలి.

"అర్థమైందా?" అని అడగడం మానేయండి. పెద్దవాళ్లు అడిగితే "ఆ" అనడమే మన దగ్గర మర్యాద. దానికి బదులు "ఇప్పుడు మీరు మొదట ఏం చేస్తారు?" అని అడిగితే నిజం బయటపడుతుంది.

పని సూచనల కాగితం తెలుగులో రాసేటప్పుడు ఫ్లోర్ మీద వాడే మాటలే వాడండి. స్పిండిల్, ఫీడ్, కూలెంట్, ఇన్సర్ట్, చక్ అని తెలుగు లిపిలో రాస్తే చాలు. నిఘంటువులో వెతికి ‘శీతలీకరణ ద్రవం’ అని రాస్తే చదివినవాళ్లు దాన్ని మళ్లీ కూలెంట్‌గా అనువదించుకోవాలి. ఒక్క పేజీ మించకుండా, మీ మెషిన్ దగ్గరే తీసిన ఫొటోలతో, అడుగు దూరంలో నిలబడి చదవగలిగేంత పెద్ద అక్షరాలతో ఉండాలి. సరైన పీసు, తప్పు పీసు ఫొటోలు పక్కపక్కన పెడితే సగం మాటలు అవసరమే ఉండవు.

శనివారం మొత్తం ఒకేసారి క్లాసు పెట్టేస్తే సరిపోదా?

ఎనిమిది గంటలు ఒకే రోజు చెప్పేకంటే రెండేసి గంటలు నాలుగు వారాలు చెబితే ఎక్కువ నిలుస్తుంది. నేర్చుకున్నది వాడకపోతే మొదటి గంటల్లో, రోజుల్లో ఎక్కువగా, తర్వాత నెమ్మదిగా మరచిపోతామని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే రాశారు. ప్రతి క్లాసు మొదటి పది నిమిషాలు పాత క్లాసులో చెప్పింది వాళ్లచేత చెప్పించండి, మీరు చెప్పకండి. శిక్షణ వేళను షిఫ్టు లోపలే పెట్టండి. సెలవు రోజున జీతం లేకుండా పిలిస్తే వచ్చినవాళ్ల మనసు గడియారం మీదే ఉంటుంది.

ఆన్‌లైన్ వీడియోలు కొని పెడితే?

డ్రాయింగ్ చదవడం, ఎక్సెల్, భద్రతా నియమాల పరిచయం లాంటివాటికి బాగుంటాయి. చేతిపనికి సరిపోవు. చేయి ఎక్కడ తప్పుతోందో వీడియో చూడలేదు. కొనేకంటే మీ మెషిన్ మీద మీ ఆపరేటర్ చేత రెండు నిమిషాల వీడియోలు తీయించి, మెషిన్ దగ్గర క్యూఆర్ కోడ్ అంటించడం మేలు.

శిక్షణ పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లో ప్రతిపాదించిన నాలుగు స్థాయిలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి: వచ్చినవాళ్లకు నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, యూనిట్‌కు ఫలితం వచ్చిందా. మన దగ్గర కొలత మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. క్లాసు అయిపోగానే పంచే ఫారంలో అందరూ ‘చాలా బాగుంది’ అని టిక్కు పెడతారు. భోజనం బాగున్నా ఆ టిక్కు పడుతుంది.

మీ శక్తినంతా మూడో మెట్టు మీద పెట్టండి. శిక్షణ అయిన 30వ రోజున, 90వ రోజున సూపర్‌వైజర్ ఆ పని జరుగుతుండగా చూసి, పని విభజన కాగితంలోని ఒక్కో మెట్టుకు అవును, కాదు అని గుర్తు పెట్టాలి. ముందే చెప్పి వెళ్తే ఆ పది నిమిషాలు మాత్రమే సరిగ్గా చేస్తారు, కాబట్టి చెప్పకుండా వెళ్లాలి. నాలుగో మెట్టుకు శిక్షణకు ముందు ఎనిమిది వారాల అంకెలు చేతిలో ఉండాలి. అవి రాసుకోకుండా మొదలుపెడితే తర్వాత ఎవరూ దేన్నీ నిరూపించలేరు. ఇంకో జాగ్రత్త: అదే నెలలో కొత్త టూలింగ్ వచ్చినా, బార్ స్టాక్ సరఫరాదారు మారినా రిజెక్షన్ తగ్గిన ఘనత శిక్షణకు వేయకండి. వీలైతే శిక్షణ ఇంకా అందని లైన్‌తో పోల్చి చూడండి.

ఐఎస్ఓ ఆడిట్‌కు ఏ కాగితాలు చాలు?

నాణ్యత నిర్వహణ ప్రమాణం ఐఎస్ఓ 9001:2015లో 7.2 అంశం సామర్థ్యం గురించి. ఆ పనికి ఏ సామర్థ్యం కావాలో తేల్చడం, లేనిచోట కల్పించడం, అది ఫలించిందో లేదో చూడటం, ఆధారం దాచడం అందులో అడిగినవి. హాజరు పట్టీ ఒక్కటే పెడితే మనిషి వచ్చి కూర్చున్నట్టు మాత్రమే తెలుస్తుంది. పైన చెప్పిన 30వ రోజు తనిఖీ కాగితం పెట్టండి, ఆడిటర్‌కూ మీకూ పనికొస్తుంది.

మంచి ఆపరేటర్‌ను సూపర్‌వైజర్ చేశాం, ఇప్పుడు రెండు విధాలా నష్టపోయాం. ఎందుకిలా?

చేతిపనిలో నేర్పు వేరు, చేయించడంలో నేర్పు వేరు. కొత్త సూపర్‌వైజర్ లైన్‌లో ఎక్కడ ఇబ్బంది వచ్చినా తానే వెళ్లి చేసేస్తారు, ఎందుకంటే వాళ్లకు బాగా వచ్చింది అదే. దానితో కింది వాళ్లు నేర్చుకోరు, షిఫ్టు ప్లానింగ్ మూలన పడుతుంది. పదోన్నతికి ముందే ఒక నెల సెలవుల్లో ఉన్న సూపర్‌వైజర్ల స్థానంలో పెట్టి చూడండి. మొదటి 90 రోజుల్లో మూడు పనులే నేర్పండి: షిఫ్టు అప్పగింత పది నిమిషాల్లో రాతపూర్వకంగా చేయడం, పైన చెప్పిన నాలుగు మెట్ల బోధన, తప్పు జరిగినప్పుడు మాట్లాడటం.

మూడోది అన్నిటికంటే కష్టం. నిన్నటిదాకా పక్క మెషిన్ మీద ఉన్న స్నేహితుడికి, తనకంటే పదిహేనేళ్లు పెద్దాయనకు చెప్పాలి. పెద్దవాళ్లను "అన్నా, మీరు" అనే పిలవాలి, హోదా పెరిగిందని ఏకవచనంలోకి దిగకూడదు. నలుగురి ముందు అనకుండా, అదే షిఫ్టులో, పీసు చేతిలో పట్టుకుని చెప్పాలి. "మీరు ఎప్పుడూ ఇంతే" అంటే అక్కడితో మాట ఆగిపోతుంది. "ఈ పదిలో నాలుగు పీసులకు చాంఫర్ (అంచు వాలు) పడలేదు, ఏమైంది?" అంటే కారణం చెబుతారు.

అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరా?

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం, 2019లో సవరించిన నియమాల ప్రకారం 30 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్న సంస్థకు తప్పనిసరి. నాలుగు నుంచి 29 మంది ఉంటే మీ ఇష్టం. కాంట్రాక్టు సిబ్బందితో కలిపి మొత్తం బలంలో 2.5 నుంచి 15 శాతం దాకా తీసుకోవాలి. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద కేంద్రం నిర్ణీత స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు గరిష్ఠంగా రూ. 1,500 భరిస్తుంది. ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఒప్పందం నమోదు కాకపోతే అది అప్రెంటిస్‌షిప్ కిందికి రాదు. మనిషి తక్కువైన మెషిన్ మీద అప్రెంటిస్‌ను ఒంటరిగా నిలబెట్టడం చట్టం ఉద్దేశానికే విరుద్ధం. ప్రమాదాలు ఎక్కువగా అక్కడే జరిగే అవకాశం ఉంటుంది కూడా.

ఖర్చుపెట్టి నేర్పాక మానేస్తున్నారు. ఇంతకాలం పనిచేస్తామని, లేదంటే డబ్బు కడతామని బాండ్ రాయించుకోవచ్చా?

రాయించుకోవచ్చు, హద్దుల్లో. కనీసం ఇంతకాలం పనిచేయాలనే షరతు, ముందే మానేస్తే పరిహారం అనే షరతు వాటంతటవే చెల్లనివి కావని విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది. అందులో షరతు మూడేళ్లు, మొత్తం రెండు లక్షల రూపాయలు. ఉద్యోగం కొనసాగే కాలానికి వర్తించే షరతు గనుక వృత్తి, వ్యాపారం చేసుకోకుండా ఆపే ఒప్పందాలు చెల్లవనే కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ దానికి అడ్డు రాదని కోర్టు భావించింది. అది ప్రభుత్వరంగ బ్యాంకు, కొత్తగా నియామకం చేయాలంటే దానికయ్యే ఖర్చు పెద్దది. ఆ తీర్పు చూపించి ఆపరేటర్ దగ్గర రెండు లక్షలు రాయించుకుంటే నిలుస్తుందని అనుకోకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే.

కాబట్టి నిజంగా అయిన ఖర్చుకు బిల్లులు ఉంచండి. బయటి కోర్సు ఫీజు రూ. 24,000 అయ్యి, బాండ్ ఏడాదికి రాస్తే, నెల గడిచేకొద్దీ రూ. 2,000 తగ్గేలా రాయండి. సంతకం పెట్టేవాళ్లకు వచ్చే భాషలో చదివి వినిపించండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం దగ్గర పెట్టుకోకండి. పిల్లవాడి పదో తరగతి మార్కుల జాబితా బీరువాలో దాచి మనిషిని ఆపడం శిక్షణా కాదు, యాజమాన్యమూ కాదు. చాలామంది మానేసేది నేర్చుకున్నందుకు కాదు, నేర్చుకున్నాక కూడా జీతం కదలనందుకు. మ్యాట్రిక్స్‌లో 2 నుంచి 3కు ఎక్కినప్పుడు ఎంత పెరుగుతుందో గోడ మీద రాసి పెట్టిన యూనిట్‌కు బాండ్ అవసరం తక్కువ.

లైంగిక వేధింపుల నివారణ శిక్షణ చిన్న యూనిట్లకూ వర్తిస్తుందా?

పది మంది ఉంటే వర్తిస్తుంది. 2013 నాటి చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, బయటి నుంచి ఒకరు. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, విచారణకు 90 రోజులు. ఉద్యోగి అన్న మాటలో కాంట్రాక్టు వాళ్లు, ట్రైనీలు, అప్రెంటిస్‌లు కూడా వస్తారు. కమిటీ వేయకపోతే రూ. 50,000 దాకా జరిమానా ఉంది. ఆఫీసు స్టాఫ్‌కు ఇంగ్లిషులో స్లయిడ్లు చూపించి ముగించకండి. ఫ్లోర్ మీది ఆడవాళ్లకు వాళ్ల భాషలో, కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లతో చెప్పాలి. సభ్యులకు విచారణ ఎలా నడపాలో విడిగా నేర్పాలి.

సంస్థాభివృద్ధి అంటారు. శిక్షణకూ దానికీ తేడా ఏమిటి?

శిక్షణ మనిషికి పని నేర్పుతుంది. నేర్చుకున్నది చేయనిచ్చేలా చుట్టూ ఉన్న ఏర్పాట్లను సరిచేయడం సంస్థాభివృద్ధి. తప్పు పీసు కనబడితే మెషిన్ ఆపమని ఆపరేటర్లకు నేర్పారనుకోండి. కానీ బోర్డు మీద రాసేది షిఫ్టుకు ఎన్ని పీసులన్నదే, ఇన్సెంటివ్ దాని మీదే. ఆపినవాళ్లను "ఎందుకు ఆపావు?" అని ముందు అడుగుతారు. అలాంటి చోట ఎంత నేర్పినా ఎవరూ ఆపరు. లెక్కలో మంచి పీసులనే కలపడం, ఆపిన సమయాన్ని ఆపరేటర్ ఖాతాలో వేయకపోవడం, ఆపినప్పుడు సూపర్‌వైజర్ ఐదు నిమిషాల్లో రావడం, ఈ మూడూ మారితేనే ఆ శిక్షణ బతుకుతుంది.

ఒకే లైన్ మీద ఆరు నుంచి ఎనిమిది వారాలు మార్చి చూడండి. ముందు ఆ లైన్ వాళ్లతోనే ఐదారుగురి చొప్పున కూర్చుని అడ్డంకులేమిటో అడగండి, వాళ్ల సూపర్‌వైజర్ ఆ గదిలో ఉండకూడదు. విన్నది పేర్లు లేకుండా రాసి, రెండు వారాల్లోపే వాళ్లకు తిరిగి చదివి వినిపించండి. అడిగి ఊరుకుంటే మళ్లీ అడిగినప్పుడు ఎవరూ నోరు విప్పరు. వాళ్లు చెప్పినవాటిలో ఒక్క చిన్నదైనా వెంటనే చేయండి. నీళ్ల డ్రమ్ము దగ్గరికి జరపడమైనా సరే.

బెంగళూరులో బయట ఎక్కడికి పంపవచ్చు?

టూల్, డై పనులకు, సీఎన్‌సీకి (కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల పనికి) 1972లో డెన్మార్క్ సహకారంతో మొదలైన గవర్నమెంట్ టూల్ రూమ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ ఉంది. కొలత శాస్త్రం, ప్రెసిషన్ తయారీ కోర్సులకు తుమకూరు రోడ్డులో 1962 నుంచి ఉన్న సెంట్రల్ మాన్యుఫ్యాక్చరింగ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. పీణ్యలో ఎన్‌టీటీఎఫ్ అనే సాంకేతిక శిక్షణ సంస్థ ఉంది. పంపే ముందు అడగండి: ఒక్కో మెషిన్‌కు ఎంతమంది, మెషిన్ మీద ఎన్ని గంటలు, కంట్రోలర్ మీ దగ్గర ఉన్నదేనా. ఫానుక్ కంట్రోలర్ మీద నేర్చుకుని సీమెన్స్ కంట్రోలర్ ఉన్న మెషిన్ ముందు నిలబడితే సగం మళ్లీ నేర్చుకోవాలి. తిరిగి వచ్చిన వారంలోపే ఆ పని అప్పగించకపోతే ఫీజు వృథా.

రిటైర్ కాబోతున్న పెద్దాయన చేతిపనిని ఎలా నిలబెట్టుకోవాలి?

కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టండి. "మీరు ఎలా చేస్తారో చెప్పండి" అంటే ఆయన చెప్పలేరు. ముప్పై ఏళ్లుగా చేతికి తెలిసినది నోటికి రాదు. పని చేస్తుండగా పక్కన కూర్చుని, ఆయన చేయి ఆగినచోట, వేగం మారినచోట మాత్రమే అడగండి: "ఇప్పుడు ఏం విన్నారు? ఏం చూశారు? కొత్తవాళ్లయితే ఇక్కడ ఏం తప్పు చేస్తారు?" స్క్రేపింగ్ (లోహపు ముఖాన్ని చేత్తో గీకి సమం చేయడం) చేసేవాళ్లు నీలం రంగు మచ్చలు చూసి, గ్రైండింగ్ చేసేవాళ్లు నిప్పురవ్వలు చూసి, రాయి శబ్దం విని నిర్ణయిస్తారు. ఆ గుర్తులే మీకు కావాలి. భుజం మీదుగా, ఆయన కళ్లకు కనబడే కోణంలో వీడియో తీయండి. ఎదురుగా నిలబడి తీస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి.

తర్వాత ఇద్దరిని ఆయనకు అప్పగించండి, ఒక్కరిని కాదు, ఆ ఒక్కరు మానేస్తే అంతా పోతుంది. వాళ్లు చేస్తుంటే ఆయన సరిదిద్దే ప్రతి మాటా మూడో మనిషి రాసుకోవాలి. పని విభజన కాగితంలో ‘ఎలా’, ‘ఎందుకు’ వరుసలు ఆ మాటలతోనే నిండుతాయి. ఆ ఆరు నెలలు ఆయన ఉత్పత్తి లక్ష్యాన్ని తగ్గించి, నేర్పే గంటలను పని గంటలుగానే లెక్కించండి. కాగితం చివర ఆయన పేరు రాసి, ఆయన చదివి ఒప్పుకున్నాకే లామినేట్ చేసి మెషిన్‌కు తగిలించండి.